నమలకూడని ముద్ద

మునెమ్మవ్వ కాలం చేసిందని పోయిన నెల కబురు తెలిసేసరికి నేను మోకాళ్ళ నొప్పులతో మంచాన పడి ఉన్నాను. కర్మాంతరాలన్నీ అయిపోయాక ఒక ఆదివారం పొద్దున చేతికర్ర పట్టుకుని హోసూరులో బస్సెక్కాను. ఇప్పుడు హోసూరు నుంచి సూళగిరికి కునుకు పట్టేలోపే దిగాల్సి వస్తుంది. వెనకటికైతే పక్క సీటామె తన కోడలి మీద చాడీలన్నీ చెప్పి, మళ్ళీ మొదటికి వచ్చేంత టైము ఉండేది. మునెమ్మవ్వ నాకు చుట్టం కాదు. నేను పాఠాలు చెప్పిన మొదటి పిల్లల్లో ఒకతె మంజుల, ఆ మంజుల నాయనమ్మ ఈవిడ. పలకరింపుకు పోతున్నాను కాబట్టి ఏం మాట్లాడాలో దారి పొడుగునా మనసులో కూర్చుకున్నాను గానీ, గడప దగ్గరికి పోగానే అవన్నీ మరిచిపోయాను. లోపలి నుంచి రాగిపిండి ఎసట్లో ఉడుకుతున్న వాసన వచ్చింది. ఆ వాసన తగిలితే నాకు అరవై దాటిన సంగతి గుర్తుండదు, మా అత్త ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది.

మా అత్త అంటే మా నాన్నకు అక్క. ఊరు ఊరంతా ఆవిడకు భయపడేది, ఆవిడ మాత్రం బల్లికి భయపడేది. నేను బెంగళూరులో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే కోర్సు ముగించుకుని, ఒక చిన్న సేవాసంస్థ వాళ్ళు ఇచ్చిన పనితో సూళగిరిలో దిగినప్పుడు నాకు ఉద్యోగమైతే ఉంది గానీ బడికి గోడలు లేవు. అత్త తన ఇంటి ముందుగది ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు, షరతులు పెట్టి ఇచ్చింది. పిల్లలు కాళ్ళు కడుక్కుని లోపలికి రావాలి, మధ్యాహ్నం ఎవరూ ఆకలితో ఇంటికి పోకూడదు, తన పూజగూటిని ఎవరూ ముట్టకూడదు. మూడో షరతు మొదటి రోజే గంగలో కలిసింది. రెండోది మాత్రం ఆవిడ బతికున్నన్నాళ్ళూ సాగింది. పొద్దున్నే ముందుగదిలో పాఠం మొదలయ్యేసరికి వెనక వంటింట్లో ఎసరు కాగుతూ ఉండేది. అత్త నేలమీద కూర్చుని, కుండను రెండు పాదాల మధ్య అదిమిపట్టి, కట్టెతో ముద్ద కెలికేటప్పుడు ఆ శబ్దం ముందుగదిలోకి వినపడేది. అది వినగానే పిల్లలంతా పాఠం వదిలేసి కంచాల కోసం లేచేవాళ్ళు. నాకు గంట కొట్టే పనే లేకపోయింది.

ఇక్కడ ముద్ద గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మా వైపు రాగిముద్దను నమలరు, మింగుతారు. వేళ్ళతో చిన్న తునక తుంచి, బొటనవేలితో గుంట చేసి, ఉలవచారులో ముంచి నోట్లో వేసుకుంటే అది జారుకుంటూ పోవాలి. పంటికి తగలకూడదు. పసిబిడ్డకు అన్నప్రాశన అయిన దగ్గర్నుంచీ ఇదే నేర్పుతారు. కొత్తగా వచ్చిన కోడలు ముద్ద నమిలిందంటే ఆమె ఏ ఊరి నుంచి వచ్చిందో వాకబు చేస్తారు. ముద్ద నమిలేవాడూ మజ్జిగ కొరికేవాడూ ఒకటేనని మా అత్త అంటూ ఉండేది. నేనూ ఆ మింగే జాతిదాన్నే. బెంగళూరు హాస్టల్లో రెండేళ్ళు ఇడ్లీలు, చపాతీలు నమిలి నమిలి దవడలు నొప్పి పుట్టి, సెలవులకు ఇంటికొచ్చి ముద్ద మింగితే ప్రాణం లేచొచ్చేది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నాకు మొదట్లో ఉత్సాహం ఎక్కువ. గోడల నిండా చార్టులు అంటించాను, రంగు పూసలు తెప్పించాను. పూసల్ని పిల్లలు నోట్లో పెట్టుకుంటుంటే అత్తే వాటిని అటక మీద దాచేసి, నానబెట్టిన అనపగింజల గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. చలికాలం మా ఇళ్ళల్లో పితికిపప్పు చెయ్యని రోజుండదు. నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి, పప్పు ఎగిరిపడుతుంది. వేళ్ళ పట్టు రావడానికి కోర్సులో మాకు చెప్పిన పని సరిగ్గా అదే, కాకపోతే వాళ్ళు దానికి ఖరీదైన పేరు పెట్టారు. మెత్తటి కండరాల పిల్లలు, వేలితో వేలు తాకించలేని పిల్లలు, పప్పు ఎవరి ముఖం మీద పడుతుందా అని పకపకా నవ్వుతూ రోజంతా పితికేవాళ్ళు. గది నిండా పచ్చి అనపకాయల వాసన. ఒక తండ్రి వచ్చి, బిడ్డను బడికి పంపితే పప్పు పితికిస్తారా అని నా మీద కేకలేశాడు. ఆయన్ను కూర్చోబెట్టి అత్త అదే పితికిపప్పు కూరతో ముద్ద పెట్టింది. ఆ తర్వాత ఆయన ఆ విషయం ఎత్తలేదు. అప్పుడప్పుడు ఏదో ఒక వంకతో మధ్యాహ్నం వేళకే వచ్చేవాడు కూడా.

మంజుల ఆ చలికాలంలోనే వచ్చింది, మునెమ్మవ్వ చంకనెక్కి. చంకనెక్కే వయసు ఎప్పుడో దాటిపోయింది, కాళ్ళు అవ్వ మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. గుండ్రటి ముఖం, పైకి సాగిన కళ్ళు, కొంచెం బయటికి కనిపించే నాలుక. చూడగానే డౌన్ సిండ్రోమ్ అని తెలిసింది. కృష్ణగిరి ఆసుపత్రిలో వాళ్ళకు ఎప్పుడో చెప్పారట, మందు లేదని కూడా చెప్పారట. తండ్రి హోసూరులో ఫ్యాక్టరీ షిఫ్టులకు పోతాడు, తల్లి జయమ్మ గులాబీ తోటల్లో కూలికి పోతుంది. ఇంట్లో మిగిలేది గొర్రెలూ, అవ్వా, ఈ పిల్లా. అవ్వ ముందుగదంతా కలయజూసింది. చార్టులు చూసింది, పితికే పిల్లల్ని చూసింది, నన్ను చూసి పెద్దగా మెచ్చినట్టు కనిపించలేదు. పాపకు ఏం నేర్పించమంటావవ్వా అని అడిగాను.

“నాకు చదువు వద్దమ్మా. ఇది కలెక్టరు కావద్దు. నేను పోయినాక దీని చేత్తో ఇది తినల్ల. అంతే. నేర్పిస్తావా, నేర్పియ్యవా?”

ఆ తర్వాత ఎందరో తల్లులూ తండ్రులూ నా ముందు కూర్చుని ఎన్నో అడిగారు గానీ, ఇంత సూటిగా అడిగినవాళ్ళు లేరు. పెద్దవయసు మనిషి, తన తర్వాత ఈ బిడ్డ ఆకలికి ఎవరు దిక్కు అని రాత్రింబవళ్ళు అదే దిగులు. మంజుల అవ్వ చేతి ముద్ద తప్ప మరొకరి చేతిది తినదు. తల్లి పెడితే కక్కుకుంటుంది, తండ్రి పెడితే ఏడుస్తుంది. సామల్పట్టిలో అవ్వకు పెళ్ళయిన కూతురుంది, ఆమె కాన్పులకు కూడా అవ్వ ఈ పిల్లను వదిలి పోలేకపోయింది. నేర్పిస్తానని ధైర్యంగా చెప్పేశాను. ఎలాగో నాకు అప్పటికి తెలియదు.

జబ్బు పేరు చెప్పి, మనిషి ఒంట్లో ఉండాల్సిన జన్యు పోగుల్లో ఈ పిల్లకు ఒకటి ఎక్కువగా ఉందనీ, దానివల్లే ఎదుగుదల నెమ్మదిగా ఉందనీ వివరించాను. అవ్వ శ్రద్ధగా వింది. మర్నాడు బోరింగు దగ్గర ఎవరో మంజులను వెక్కిరించబోతే, మా పాపకు మీ అందరికన్నా ఒకటి జాస్తి, తక్కువేం లేదు పోండి అని బిందె ఎత్తుకుని వచ్చేసిందట. కానీ అవ్వ మనసులో ఇంకో ముల్లు ఉంది. కొన్ని రోజులు పోయాక, పిల్లలంతా వెళ్ళిపోయిన తర్వాత, గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి అడిగింది. జయమ్మ అవ్వకు సొంత తమ్ముడి కూతురు. ఈ మేనరికం చేసుకోమని కొడుకును పట్టుబట్టింది అవ్వే. బిడ్డ ఇలా పుట్టడానికి అదే కారణమని ఊళ్ళో అన్నారు, కొడుకు కూడా ఒకసారి కోపంలో అన్నాడు. అది నిజమేనా అని అవ్వ ప్రశ్న. నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. మేనరికాల్లో కొన్ని జబ్బులు వస్తాయి, నిజమే, మా బడికే అలాంటి అక్కాచెల్లెళ్ళు వస్తున్నారు. కానీ మంజులది ఆ కోవ కాదు, చుట్టరికం లేని ఇళ్ళల్లోనూ ఇలాగే పుడతారు, ఇందులో ఎవరి తప్పూ లేదు. అవ్వ గుమ్మం మీద చతికిలపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. మా అత్త వచ్చి పక్కన కూర్చుంది. ఆ రోజు నుంచి ఇద్దరూ వక్కాకు పంచుకునే స్నేహితురాళ్ళయ్యారు, అంటే రోజూ పోట్లాడుకోవడం మొదలుపెట్టారు.

అవ్వ ఎలా తినిపిస్తుందో చూడాలని ఒక మధ్యాహ్నం ఎదురుగా కూర్చున్నాను. గోరంత ముద్ద తునక తీసి, చారులో నానబెట్టి, మంజుల నాలుక మీద బాగా వెనక్కి తోసి, గడ్డం పైకెత్తి గొంతు మీద రాస్తోంది. గుటుక్కున పోతోంది. మళ్ళీ ఇంకోటి. అవ్వ వేళ్ళు ఎన్నో ఏళ్ళుగా అలవాటైన పనిని ఎంత నేర్పుగా చేస్తున్నాయంటే, మంజుల నోరు చెయ్యాల్సిన పని ఏమీ మిగల్లేదు. నాలుక కదలాల్సిన పని లేదు, దవడకు పని లేదు, పెదవులు మూసుకోనక్కర్లేదు. వేరేవాళ్ళు ముద్దను నాలుక ముందర పెడితే దాన్ని ఏం చెయ్యాలో ఆ పిల్లకు తెలియదు, అందుకే కక్కుతోంది. ఇడ్లీ ఇచ్చినా, బిస్కత్తు ఇచ్చినా అంతే. ఆ పిల్ల పుట్టి ఇన్నేళ్ళయినా ఒక్కసారి కూడా నమల్లేదు. ఇంకెవరైనా ఎప్పుడో కనిపెట్టేవాళ్ళేమో. కానీ మా వైపు నమలకపోవడం ఘనత కదా, ఎవరికి అనుమానం వస్తుంది?

మంజుల ముందు ముద్ద నమలడం నేర్చుకోవాలి అన్నాను. అంతే, ఇల్లు కురుక్షేత్రమైంది. అవ్వ, అత్త ఒక్కటైపోయారు. ముద్ద నమిలితే పళ్ళకు అతుక్కుంటుంది, ఒంటికి పట్టదు, అలా తిన్నవాళ్ళకు బలం రాదు, గొర్రెలు కూడా నవ్వుతాయి. రోజూ ఒకరి తర్వాత ఒకరు నాకు బుద్ధి చెప్పారు. నేను కోర్సు పుస్తకం తీసి నాలుక బొమ్మ చూపించాను. అత్త ఆ బొమ్మ చూసి, ఛీ, దాన్ని లోపల పెట్టు అంది. చివరికి మునెమ్మవ్వ తేల్చి చెప్పింది.

“సరే టీచరమ్మా. నువ్వు నమిలి చూపించు. నువ్వు చేస్తే అది చేస్తుంది.”

న్యాయమైన మాటే. అందరూ చుట్టూ చేరారు. కంచం ముందు పెట్టుకున్నాను, తునక తుంచాను, చారులో ముంచాను, నోట్లో వేసుకున్నాను. చెప్పొద్దూ, పంటి కిందికి తెచ్చేలోపే అది గొంతులోకి దిగిపోయింది. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ అంతే. చారు లేకుండా ఉత్త ముద్ద వేసుకున్నా నాలుక నా మాట వినలేదు. పుట్టినప్పటి నుంచి మింగిన గొంతు అది. అత్త నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకుంది. అవ్వ మాత్రం నవ్వలేదు. నావైపు జాలిగా చూసి, నీకే రాలేదు కదమ్మా, దీనికి యాడ వస్తుంది అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను నా నోరే గెలవలేకపోయాను.

రెండ్రోజులు అలిగి, ఆలోచించి, రాజీకి వచ్చాను. ముద్ద ముద్దే, దాన్ని మింగనీండి. ముద్ద కానిదాన్ని నమలడానికి ఎవరికీ అభ్యంతరం లేదు కదా? లేదన్నారు. అప్పుడు అసలు పని మొదలైంది. ముందు బెల్లంపాకం. పెదవి మూలన చిటికెడు రాస్తే, దాన్ని అందుకోవడానికి నాలుక పక్కకు తిరగాలి. ఒక మూలన, తర్వాత రెండో మూలన. తన నాలుక ఎటు పోతుందో తనకు కనపడాలని ఎర్ర ప్లాస్టిక్ అంచున్న గుండ్రటి అద్దం ముందు పెట్టాను. అద్దంలో తన నాలుక చూసుకుని మంజుల మురిసిపోయిన మురిపెం అంతా ఇంతా కాదు, రోజంతా అదే పని. ఆ తర్వాత మెత్తగా ఉడకబెట్టిన గెణుసుగడ్డ. చిన్న ముక్కను నాలుక వెనక కాకుండా పక్క పళ్ళ మధ్య పెట్టి, దవడ కింద నా రెండు వేళ్ళు ఆనించి మెల్లగా పైకీ కిందికీ కదిపేదాన్ని. నములు, నములు, నములు, ఇప్పుడు మింగు. ఇదే మంత్రం. మొదట నా వేళ్ళే నమిలాయి. చాలా రోజుల తర్వాత వేళ్ళ కింద దవడ తనంతట తాను కదిలింది. ఉద్యోగంలో ఎన్ని సన్మానాలు జరిగాయో ఏమో, ఆ కదలికను మించింది ఏదీ నాకు జ్ఞాపకం లేదు.

మంజుల మామూలు పిల్ల కాదండోయ్, మహా మొండి. ఇష్టమైతే గెణుసుగడ్డ, ఇష్టం లేకపోతే దాన్ని బుగ్గలో దాచుకుని గంటసేపు ఏమీ ఎరగనట్టు కూర్చునేది. అత్త నడిచే తీరు, నడుము మీద చెయ్యి పెట్టి కేకలేసే తీరు అచ్చం దించేసేది. మాటలు మాత్రం ఇంకా రాలేదు. నమలడం వచ్చేకొద్దీ పెదవులు మూసుకోవడం వచ్చింది, కారే చొంగ తగ్గింది, మ అనే అక్షరం మెల్లగా పలికింది. ఇంట్లో తెలుగు, రోడ్డు మీద తమిళం, పక్కింటివాళ్ళది కన్నడం. ఏ భాషలో పిలిచినా తిరిగి చూసే పిల్లల మధ్య నేను ఏ భాషలో పాఠం చెప్పాలా అని అప్పట్లో పెద్దగా ఆలోచించేదాన్ని. మంజులకు ఆ చింతే లేదు. నవ్వితే అన్ని భాషలవాళ్ళూ ముద్దు చేసేవాళ్ళు. తన చేత్తో తినడం మాత్రం అలాగే ఉండిపోయింది. కంచం ముందు పెడితే చేతులు వెనక్కి కట్టుకుని అవ్వ కోసం చూసేది. అవ్వ ఉన్నంతసేపూ ఆ చెయ్యి ముందుకు రాదని నాకు తెలుసు, కానీ అవ్వను పక్కకు తప్పుకోమని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ పని సామల్పట్టి చేసింది. అక్కడి కూతురికి జబ్బు చేసిందని కబురొచ్చి, మునెమ్మవ్వ మొదటి బస్సుకు పోయి, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని మంజులను మా ఇంట్లో వదిలింది. మధ్యాహ్నమైంది, అవ్వ రాలేదు. అత్త ముద్ద కెలికింది, కంచాలు పెట్టింది. పిల్లలంతా తిని వెళ్ళిపోయారు. మంజుల కంచం ముందు చేతులు వెనక్కి పెట్టుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. అత్త తినిపించబోతే ముఖం తిప్పేసింది. నేను తినిపిస్తానని చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. లేచి వంటింట్లోకి వచ్చేశాను. అత్త నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. బిడ్డను ఆకలితో ఎండగడతావా, నీకు పిల్లలుంటే తెలిసేది అంది. ఆ మాట గట్టిగానే తగిలింది. అయినా ముందుగదిలోకి పోలేదు. తలుపు సందులోంచి ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ముద్ద చల్లారింది, చారు మీద తెట్టు కట్టింది. పొద్దు వాలుతున్న వేళకు మంజుల ఒక చెయ్యి ముందుకు తెచ్చింది. ముద్ద మీద పెట్టి అదిమింది. అది చల్లారి గట్టిపడింది కదా, తునక తేలిగ్గా రాలేదు. పితికిపప్పు పితికినట్టు రెండు వేళ్ళతో పట్టి లాగింది. చారులో ముంచకుండానే నోట్లో పెట్టుకుంది. పక్క పళ్ళ మధ్యకు తోసుకుంది. తన దవడ కింద తన రెండు వేళ్ళే ఆనించుకుని నమిలింది. చప్పుడు చేస్తూ, నోరంతా అంటించుకుంటూ, రాగిముద్దను కసకసా నమిలింది. ముద్ద నమిలేవాళ్ళను ఇంట్లోకి రానివ్వని మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మునెమ్మవ్వ చీకటి పడే వేళకు పరుగు పరుగున వచ్చింది. దారిలో బస్సు చెడిపోయిందట. చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి, ఖాళీ కంచం చూసి ఆగిపోయింది. ఎవరు తినిపించినారు అని అత్తను చూసింది, నన్ను చూసింది. మంజుల చంకలు గుద్దుకుంటూ లేచి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, మంజు అంది. పేరు సగమే పలికింది గానీ స్పష్టంగా పలికింది. అవ్వ మురిసిపోతుందనుకున్నాను. ముందు మురిసింది కూడా, నుదుటి మీద మెటికలు విరిచింది. తర్వాత ముఖం చిన్నబోయింది. ఇంక నాతో దీనికేం పని అని గొణుక్కుంటూ బిడ్డను చంకనేసుకుని వెళ్ళిపోయింది. వారం పాటు నాతో మాట్లాడలేదు. తను అడిగిందే నేను చేశాను, అయినా మాట్లాడలేదు. అప్పుడు నాకు అర్థం కాలేదు, చిన్నతనం. కోరుకున్నది జరిగినప్పుడు కూడా మనిషికి ఏడుపు రావచ్చని తర్వాత నా జీవితం నాకు నేర్పింది.

ఇప్పుడు హోసూరులో వీధికో థెరపీ సెంటరు ఉంది. నమలడం నేర్పడానికి మెత్తటి రబ్బరు గొట్టాలు వచ్చాయి, ఫోనులో ఆర్డరు పెడితే ఇంటికే వస్తాయి. చిన్న వయసు తల్లులు నాకు తెలియని పేర్లు చెప్తారు, వీడియోలు చూసి నన్నే పరీక్ష చేస్తారు. మంచిదే. పుట్టగానే గుండె పరీక్ష చేస్తున్నారు, ఆపరేషన్లు చేస్తున్నారు. మా రోజుల్లో వానాకాలం సెలవుల తర్వాత తిరిగి రాని పిల్లలు ఉండేవాళ్ళు, వాళ్ళ కంచాలు అత్త విడిగా బోర్లించి పెట్టేది, ఎవరికీ ఇచ్చేది కాదు. అందుకని ఆ రోజులే మేలని నేననను, అన్నవాళ్ళను ఊరుకోను. కాకపోతే ఇప్పుడు పిల్లను ముప్పావు గంట గదిలోకి పంపి తల్లి బయట ఫోను చూసుకుంటూ కూర్చుంటుంది. తలుపు సందులోంచి చూసేవాళ్ళు లేరు, తిట్టే అత్తలూ లేరు. ఇంకో వింత ఏమిటంటే, హైవే పక్క హోటళ్ళల్లో రాగిముద్ద పెద్ద బోర్డు మీద రాసి అమ్ముతున్నారు. కార్లలో వచ్చినవాళ్ళు దాన్ని స్పూనుతో కోసుకుని సుఖంగా నములుతున్నారు. మా అత్త చూసి ఉంటే హోటలు మూయించేది.

ఇవన్నీ గడపలోనే గుర్తొచ్చాయి. జయమ్మ నన్ను లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టింది. తల నెరిసింది, తోటలో మేస్త్రీ అయింది. మంజుల కూడా ఆమెతోపాటే పోయి గులాబీలు కట్టలు కడుతుందట. నలభై దాటిన మనిషి, జుట్టులో ఒకటి రెండు తెల్లవెంట్రుకలు. నన్ను చూడగానే కర్ర లాక్కుని మూలన పెట్టి, నా ఒళ్ళో తల పెట్టుకుని కాసేపు ఏడ్చింది, తర్వాత లేచి కంచం తేవడానికి పోయింది. అవ్వ మంచం ఖాళీగా ఉంది. దాని తలవైపు మేకుకు ఎర్ర ప్లాస్టిక్ అంచున్న గుండ్రటి అద్దం వేలాడుతోంది. బడిని హోసూరుకు మార్చినప్పుడు నేనే మంజులకు ఇచ్చేశాను. ఇంకా దాచుకుందా అని అడిగితే జయమ్మ చెప్పింది. పోయినేడాది అవ్వకు పక్షవాతం వచ్చి మూతి ఒక పక్కకు లాగేసింది. నాలుక తిరగలేదు. ఆసుపత్రిలో గంజి తాగించమన్నారు, ముద్ద పెట్టొద్దన్నారు. అవ్వ గంజి ఉమ్మేసేది, ఎవరు పెట్టినా నోరు తెరిచేది కాదు. చిక్కి సగమైపోయింది. ఒకరోజు జయమ్మ పని నుంచి వచ్చేసరికి, మంజుల అవ్వను గోడకు ఆనించి కూర్చోబెట్టి, పెదవి మూలన బెల్లంపాకం రాసి, ఎదురుగా ఈ అద్దం పట్టుకుని ఉందట.

“మేమెవరం చెప్పలేదు టీచరమ్మా. మొదట బెల్లం, ఆమీట గెణుసుగడ్డ, అంతా అయినాక ముద్ద. డాక్టరు కూడా చూసి సరేలే పెట్టుకోండి అన్నాడు. కడా దినం దాకా అవ్వ దీని చేత్తోనే తినింది. ముద్ద నమిలింది టీచరమ్మా, మా అత్త!”

జయమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. నేను అద్దం వైపు చూస్తూ ఉండిపోయాను. తను పోయాక ఈ బిడ్డ తింటుందా అని దిగులుపడిన మనిషి, ఆ బిడ్డ చేతి ముద్ద తిని పోయింది. అవ్వ నాతో వారం పాటు మాట్లాడకపోయినా, ఇంక నాతో దీనికేం పని అని ఆ రోజు గొణుక్కున్నా, ఆ మాట పొరపాటని ఆమెకు పోయేముందు తెలిసే ఉంటుంది. నేను అప్పుడే చెప్పి ఉంటే నమ్మేది కాదు. నాకూ తెలియదు కదా.

మంజుల కంచం తెచ్చి ముందు పెట్టింది. రాగిముద్ద, అనపగింజల పితికిపప్పు. తన కంచం కూడా తెచ్చుకుని నాకు ఎదురుగా కూర్చుంది. తునక తుంచి, ముంచి, నోట్లో వేసుకున్నాను. గుటుక్కుమంది. మంజుల చెయ్యి ఆపి నన్ను తేరిపార చూసింది. ముఖం చిట్లించింది, అచ్చం మా అత్తలాగే. నా కంచంలోంచి తనే ఒక తునక తీసి, నా నోట్లో పక్క పళ్ళ మధ్య పెట్టి, రెండు వేళ్ళు నా దవడ కింద ఆనించింది.

“మింగొద్దు టీచరమ్మా. నములు.”

నమిలాను. పళ్ళకు అతుక్కుంది, ఆ విషయంలో మా అత్త చెప్పింది నిజమే. నములుతూ ఉంటే మెల్లగా తీపి తగిలింది. ఇన్నేళ్ళుగా తింటున్నాను, రాగిముద్దలో తీపి ఉంటుందని నాకు తెలియదు. మంజుల నా నోటివైపే చూస్తూ, పెదవులు కదుపుతూ నాతోపాటు నమిలింది. చాలనిపించాక, ఇప్పుడు మింగు అంది. మింగే జాతిదాన్ని నేను, మింగలేకపోయాను. మంజుల తొందరపెట్టలేదు. దవడ కింది వేళ్ళు తియ్యకుండా, నేను మింగేదాకా అలాగే కూర్చుంది.